చెర్రీ రొయ్యలు ఒక్కొక్కటిగా పోతున్నాయి, కారణం తెలియడం లేదు. 60 లీటర్ల మొక్కల ట్యాంక్, హైదరాబాద్

నాచుతోట | డిసెంబర్ 3

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇదే నా మొదటి పోస్టు. మాది నిజాంపేట్ వైపు అపార్ట్‌మెంట్. సెప్టెంబర్ చివర్లో రెండడుగుల అక్వేరియం ట్యాంక్ పెట్టాను. నీళ్లు 60 లీటర్ల దాకా పడతాయి. అడుగున నల్ల ఇసుక, మధ్యలో ఒక దుంగ. దుంగకు జావా మాస్, అనుబియాస్ కట్టాను. వెనక వాలిస్నేరియా, రోటాలా బాగా పెరుగుతున్నాయి. స్పంజ్ ఫిల్టర్ ఒకటి. చేపలు లేవు.

నవంబర్ మొదటి వారంలో 15 ఎర్ర చెర్రీ రొయ్యలు తెచ్చాం. మొదటి పది రోజులు ఏ ఇబ్బందీ లేదు. తర్వాత రెండు మూడు రోజులకొకటి చనిపోతోంది. ఇప్పటికి ఎనిమిది పోయాయి. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తున్నాయి. మొక్కలు పచ్చగా ఉన్నాయి, నీళ్లు అద్దంలా ఉన్నాయి. మా పాప ఐదో తరగతి. రోజూ బడికి వెళ్లే ముందు ట్యాంక్ దగ్గర కూర్చుని లెక్కపెడుతుంది. ఇవాళ "అమ్మా, ఏడే ఉన్నాయి" అని ఏడ్చింది. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పండి, సరిచేసుకుంటాను.

ఉండికాలువ | డిసెంబర్ 3

నమస్తే అండి. మాది ఉండి దగ్గర పల్లెటూరు, ఇంట్లో మూడు తరాలుగా చెరువులే. ఇప్పుడు వనామీ రొయ్య వేస్తున్నాం. ట్యాంక్ రొయ్యలు నాకు మూడేళ్ల నుంచే అలవాటు. రొయ్య చనిపోయిందంటే మేం మొదట అడిగేది డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఎంతుందని. రాత్రిపూట మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి. స్పంజ్ ఫిల్టర్‌కి పెట్టిన ఎయిర్ పంప్ రాత్రి చప్పుడు చేస్తోందని ఆపేస్తున్నారా? అలా అయితే ఈ రాత్రి నుంచే ఆపకండి.

నాచుతోట | డిసెంబర్ 4

లేదండీ, పంప్ ఎప్పుడూ ఆపలేదు. కరెంటు పోయినా ఇన్వర్టర్ మీద నడుస్తుంది.

కృష్ణలంక మాస్టారు | డిసెంబర్ 4

అమ్మా, నమస్కారం. నేను విజయవాడలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మొక్కల ట్యాంకులు పన్నెండేళ్లుగా చూస్తున్నాను. కారణం చెప్పే ముందు కొన్ని సంగతులు కావాలి.

చనిపోయిన రొయ్యలను దగ్గర నుంచి చూశారా? తల మీది పెంకుకూ ఒంటికీ మధ్య, మెడ చుట్టూ, తెల్లటి గీత ఉంగరంలా కనిపించిందా? నీళ్లు ఎన్ని రోజులకొకసారి, ఎంత మారుస్తున్నారు, ఏ నీళ్లు పోస్తున్నారు? ఇంట్లో దోమల లిక్విడ్ మెషీన్ వాడతారా? తెచ్చిన రోజున రొయ్యలను ట్యాంకులోకి ఎలా వదిలారు?

ఉండికాలువ గారి అనుమానం సహజమే. కానీ ఆక్సిజన్ పడిపోతే తెల్లారుజామున అన్నీ కలిసి పైకి వస్తాయి. విషం తగిలితే గంటల్లోనే పిచ్చిపట్టినట్టు అటూ ఇటూ ఈదుతూ ఒకేసారి పడిపోతాయి. ఇక్కడ మూడు వారాల మీద ఒక్కొక్కటీ పోతోంది. అందుకే నా చూపు కుబుసం మీద, అంటే రొయ్య పాత పెంకు విడవడం మీద ఉంది.

నాచుతోట | డిసెంబర్ 4

మాస్టారూ, తెల్ల ఉంగరం ఉంది! రెండింటికి స్పష్టంగా చూశాను. గుడ్లేమో అనుకున్నాను.

ట్యాంకును మొదట అపార్ట్‌మెంట్ బోరు నీళ్లతో నింపాను. టీడీఎస్ (నీళ్లలో కరిగిన ఉప్పుల కొలత) 780 వచ్చింది. అది రొయ్యలకు చాలా ఎక్కువని షాపతను చెబితే, రొయ్యలు వచ్చిన వారం నుంచి ప్రతి ఆదివారం 40 శాతం తీసేసి వంటింటి ఆర్‌ఓ నీళ్లు పోస్తున్నాను. ఆర్‌ఓ టీడీఎస్ 30. ఇప్పటికి నాలుగుసార్లు మార్చాను. ట్యాంకులో ఇప్పుడు 130 ఉంది. 150 దాకా మంచిదే అన్నారని సంతోషపడ్డాను.

దోమల మెషీన్ హాల్లో ఉంటుంది, ట్యాంక్ కూడా హాల్లోనే. వదిలేటప్పుడు కవర్‌ను 20 నిమిషాలు నీళ్లలో తేలేసి, తర్వాత వదిలేశాం.

కృష్ణలంక మాస్టారు | డిసెంబర్ 5

మీ చేతిలో ఉన్న అంకెలతోనే లెక్క వేద్దాం.

780లో 60 శాతం ఉంచి, 40 శాతం 30 టీడీఎస్ నీళ్లు కలిపితే 480. రెండో ఆదివారం 300. మూడో ఆదివారం 192. నాలుగోసారి 127. మీ మీటర్ 130 చూపిస్తోందంటే లెక్క సరిపోయింది. నెల రోజుల్లో రొయ్య ఉన్న నీళ్లలోని ఉప్పులు ఆరో వంతుకు పడిపోయాయి. పైగా ప్రతి మార్పూ ఒక్క గంటలో జరిగింది.

రొయ్య ఒంటి చుట్టూ ఉన్న పెంకు పెరగదు. ఒళ్లు పెరిగినప్పుడల్లా పాతది వదిలి కొత్తది గట్టిపరచుకోవాలి. దానికి కాల్షియం, మెగ్నీషియం ఆహారం నుంచి కొంత, నీళ్ల నుంచి చాలా తీసుకుంటుంది. నీళ్లు హఠాత్తుగా పలచబడితే లోపలికి నీరు చేరి ఒళ్లు ఉబ్బుతుంది, సిద్ధం కాకముందే కుబుసం విడవాల్సి వస్తుంది. మామూలుగా పెంకు వీపు మీద ఒక చోట విచ్చుకుంటే రొయ్య వెనక్కి ఒక్క దూకుతో బయటికి వస్తుంది. సిద్ధం కాని రొయ్యకు పెంకు చుట్టూతా తెగి రెండు ముక్కలవుతుంది, అందులోంచి అది బయటపడలేదు. మీరు చూసిన తెల్ల ఉంగరం అదే.

ఇప్పుడు జీహెచ్ టెస్ట్ ఒకటి చేయండి, అంటే నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చూసేది. 5 మిల్లీలీటర్ల నీళ్లలో చుక్క చుక్కగా వేసే కిట్ దొరుకుతుంది. రంగు మారడానికి ఎన్ని చుక్కలు పడితే అన్ని డిగ్రీలు. ట్యాంక్ నీళ్లకు, బోరు నీళ్లకు, రెండింటికీ చేయండి. చెర్రీ రొయ్యకు 6 నుంచి 8 ఉంటే హాయి. టీడీఎస్ అన్నది నీళ్లలో ఎంత కరిగిందో చెబుతుంది కానీ ఏం కరిగిందో చెప్పదు. ఉప్పు కలిపినా 200 చూపిస్తుంది, అందులో రొయ్యకు పనికొచ్చేది ఏమీ ఉండదు.

ఉండికాలువ | డిసెంబర్ 5

మాస్టారు చెప్పింది నిజమండి, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. చెరువులోనూ ఇదే. మోల్టింగ్ (కుబుసం విడిచే) సమయంలో మినరల్స్ తక్కువైతే పెంకు మెత్తగా ఉండిపోతుంది, పెద్ద వాన పడి ఉప్పు శాతం దిగిపోయినప్పుడు మాకు నిద్ర ఉండదు. అమావాస్యకి, పౌర్ణమికి మోల్టింగ్ ఎక్కువని మా నాన్నగారు ఆ రోజుల ముందే మినరల్స్ చల్లిస్తారు.

ఒక్క జాగ్రత్త. ఇది చదివి ఎవరైనా చెరువు మినరల్ మిక్స్ తెచ్చి ట్యాంకులో వేస్తారేమో, వద్దు. ఎకరాల లెక్కన చేసిన సరుకది. కొన్నింటిలో రాగి కూడా ఉంటుంది. 60 లీటర్లకు చిటికెడు వేసినా ఎంత పడిందో మనకు తెలియదు.

నాచుతోట | డిసెంబర్ 7

కిట్ తెచ్చాను. బోరు నీళ్లకు 22 చుక్కలు. ట్యాంక్ నీళ్లకు 3. మూడో చుక్కకే రంగు మారిపోతే నమ్మలేక మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మాస్టారూ, ఇప్పుడు ఒకేసారి బోరు నీళ్లు ఒక బకెట్ పోసేయనా?

కృష్ణలంక మాస్టారు | డిసెంబర్ 7

పోయకండి. దిగడంలో జరిగిన తప్పే ఎక్కడంలోనూ జరుగుతుంది.

ఒక పాలు బోరు, రెండు పాళ్లు ఆర్‌ఓ కలపండి. టీడీఎస్ 280, జీహెచ్ 7 దాటుతుంది. ఆ నీళ్లు 5 లీటర్లు రోజు విడిచి రోజు మార్చండి. మెడికల్ షాపులో సెలైన్ సెట్ అడిగి తెచ్చుకోండి. చక్రం తిప్పితే చుక్కల వేగం మీ చేతిలో ఉంటుంది. బకెట్‌ను స్టూలు మీద పెట్టి గంటా రెండు గంటల్లో దిగేలా వదలండి. మూడు వారాల్లో టీడీఎస్ 210, 220 దగ్గరికి, జీహెచ్ ఐదున్నరకు చేరుతుంది. అక్కడి నుంచి వారానికి 10 శాతం ఇదే నీళ్లు, ఎప్పుడూ ఇదే పాళ్లు. ఇక పెద్ద మార్పులు వద్దు.

ఈ మూడు వారాల్లో ఇంకొకటి రెండు పోవచ్చు. లోపల కొత్త పెంకు ఈపాటికే తయారవుతూ ఉంటుంది, దాన్ని మనం సరిచేయలేం. పాపకు ముందే చెప్పి ఉంచండి.

ఫ్రిస్కో గోదారి | డిసెంబర్ 8

మాస్టారు గారికి, అందరికీ నమస్కారం. టెక్సస్ నుంచి రాస్తున్నాను, సొంతూరు రాజమండ్రి. కుళాయి నీళ్లు వాడేవాళ్ల కోసం ఒక మాట. క్లోరిన్ అయితే బకెట్‌లో ఒక రోజు ఉంచితే, బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ వేస్తే ఇంకా తొందరగా, పోతుంది. ఇక్కడ మా నీళ్లలో వేసేది క్లోరమిన్, అంటే క్లోరిన్‌తో అమోనియా కలిపినది. అది రోజులు నిలబెట్టినా పోదు, మందు వేయాల్సిందే. పైగా ఏటా మార్చిలో దాదాపు నెల రోజులు పైపులు శుభ్రం కావడానికి క్లోరమిన్ ఆపి నేరుగా క్లోరిన్ వదులుతారు. అది తెలియక మొదటి ఏడాది నేను చాలా రొయ్యలను పోగొట్టుకున్నాను. ఇప్పుడు ఫిబ్రవరి చివర్లోనే నెలకు సరిపడా నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకుని ఉంచుతాను.

ఇండియాలో అయితే షాపుల్లో దొరికే యాంటీ క్లోరిన్ గుళికలు చాలామటుకు హైపోనే (సోడియం థయోసల్ఫేట్) అనుకుంటాను. క్లోరిన్‌కు అది చాలు.

లేపాక్షి బసవ | డిసెంబర్ 8

నాచుతోట గారూ, మీ ఆర్‌ఓ మెషీన్ మీద కాపర్ అని ఏమైనా రాసుందా? ఇవాళే చూడండి.

మాది హిందూపురం. నేను పెంచేది క్రిస్టల్ రెడ్, అంటే కారిడినా జాతి. వాటికి చెర్రీలకు భిన్నంగా మెత్తటి నీళ్లు కావాలి. పీహెచ్ 6 దగ్గర, కేహెచ్ (కార్బొనేట్ల కాఠిన్యం) సున్నా, జీహెచ్ 4 నుంచి 6. అందుకే పూర్తిగా ఆర్‌ఓ పట్టి, రొయ్యల కోసమే చేసిన మినరల్ పొడి కొలిచి కలుపుతాను. పోయిన ఏడాది ఇంట్లో పాత మెషీన్ తీసేసి కొత్తది పెట్టారు. ఆరోగ్యానికి మంచిదని నీళ్లలో రాగి కలిపే రకం అది. మనకు మంచిదే. నేను గమనించకుండా నీళ్లు మార్చాను. సాయంత్రానికి రొయ్యలు గుండ్రంగా తిరగడం మొదలైంది. రెండు రోజుల్లో 30 పోయాయి. ఏడాదిన్నరగా ఒక్కో తరం ఏరుకుంటూ తయారు చేసుకున్నవి. ఆ ట్యాంక్ వైపు చూడటానికి చాలా రోజులు మనసు రాలేదు.

మెకానిక్‌ను పిలిచి, రాగి కార్ట్రిడ్జ్‌కు ముందే ఒక పైపు బయటికి తీయించాను. ఇప్పుడు ట్యాంకుకు ఆ నీళ్లే.

కృష్ణలంక మాస్టారు | డిసెంబర్ 8

బసవ గారు చెప్పింది ప్రతి ఒక్కరూ గుర్తుపెట్టుకోవాలి. చేపల మందుల్లోనూ రాగి ఉంటుంది. పొలాల్లో వాడే మైలుతుత్తం ఉందే, కాపర్ సల్ఫేట్, అదే కొన్ని మందుల్లో అసలు సరుకు. చేపకు జబ్బు తగ్గించే మోతాదు రొయ్యను చంపేస్తుంది. మొక్కలకు వేసే ద్రవ ఎరువులో ఉండే రాగి చాలా కొద్ది, లేబుల్ మీద చెప్పినంతే వేస్తే భయం లేదు.

రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్లు కూడా ట్యాంకులో పోయకండి.

నాచుతోట | డిసెంబర్ 9

మా మెషీన్ మామూలు ఆర్‌ఓనే, రాగి లేదు. మనసు కుదుటపడింది. దోమల మెషీన్ మాత్రం ఇవాళ్టి నుంచి హాల్లో తీసేశాను.

ఉండికాలువ | డిసెంబర్ 9

మంచి పని చేశారండి. ఆ లిక్విడ్లలో ఉండేది పైరిత్రాయిడ్ రకం మందే. పురుగును చంపేది రొయ్యనూ చంపుతుంది, రెండూ దగ్గరి చుట్టాలే. ఎయిర్ పంప్ గదిలో గాలినే పీల్చి బుడగలుగా నీళ్లలోకి వదులుతుంది. మా ఇంట్లో ట్యాంక్ ఉన్న గదికి కిటికీలకు దోమల జాలీ కొట్టించాను.

ఓరుగల్లు | డిసెంబర్ 15

అన్నా, మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మాది హన్మకొండ. షాపులో గోస్ట్ ష్రింప్ అని పారదర్శకంగా ఉన్నవి పది ఇచ్చారు. గప్పీలతో పాటు వేశాను. రెండు నెలలైంది. ఇప్పుడు నాలుగే ఉన్నాయి. అందులో ఒకటి రెండంగుళాలు దాటింది, ముందు రెండు చేతులు ఒళ్లంత పొడుగున్నాయి. గప్పీల తోకలు చిరిగి ఉంటున్నాయి, పొద్దునకి ఒకటి మాయం. ఇది ఏం రొయ్య?

ఉండికాలువ | డిసెంబర్ 15

తమ్ముడూ, అది మాక్రోబ్రాకియం. మా వైపు నీలకంఠ రొయ్య అంటాం, స్కాంపి అని కూడా. అదే అయినా, దాని చుట్టాల్లో ఒకటయినా, గుణం ఒక్కటే. ఆ పొడుగు చేతులు, చివర సన్నటి కొండీలే గుర్తు. చెర్రీ రొయ్య కొండీలు చాలా చిన్నవి, నాచు గీక్కుని నోట్లో పెట్టుకోవడానికే సరిపోతాయి. నీలకంఠ రాత్రి వేటాడుతుంది. నిద్రపోయే చేపను పట్టుకుంటుంది, కుబుసం విడిచి మెత్తగా ఉన్న తోటి రొయ్యనూ వదలదు. మీ పదిలో ఆరు అలాగే పోయుంటాయి. దాన్ని వేరే ట్యాంకులో ఒంటరిగా పెట్టండి. దయచేసి వడ్డేపల్లి చెరువులోనో భద్రకాళి చెరువులోనో వదలకండి. షాపు నుంచి తెచ్చిన ఏ ప్రాణినీ బయటి నీళ్లలో కలపకూడదు.

ఓరుగల్లు | డిసెంబర్ 15

చాలా థాంక్స్ అన్నా. రాత్రికే వేరు చేశాను.

నాచుతోట | జనవరి 2

నూతన సంవత్సర శుభాకాంక్షలు. టీడీఎస్ 215. జీహెచ్ 6వ చుక్కకు రంగు మారుతోంది. డిసెంబర్ 12న ఒకటి పోయింది, మాస్టారు చెప్పినట్టే. ఆ తర్వాత ఒక్కటీ పోలేదు. ఆరు ఉన్నాయి.

మొన్న ఒకటి చనిపోయిందని పాప పరుగెత్తుకొచ్చింది. బయటికి తీయబోతే ఖాళీ పెంకు! గాజులా ఉంది, మీసాలతో సహా. వీపు మీద ఒక్క చోటే విచ్చుకుంది. తీసేయాలా?

కృష్ణలంక మాస్టారు | జనవరి 2

తీయకండి. దాన్ని అవే తింటాయి, అందులోని కాల్షియం మళ్లీ వాటికే దక్కుతుంది. చనిపోయిన రొయ్య పారదర్శకంగా ఉండదు. ఉడికించినట్టు గులాబీ రంగుకు తిరుగుతుంది, లోపల మాంసం కనిపిస్తుంది. అది కనిపిస్తే మాత్రం తీసేయండి.

కుబుసం విడిచిన రొయ్య ఒకటి రెండు రోజులు నాచులో దాక్కుంటుంది. లెక్క తగ్గిందని దుంగ ఎత్తి వెతకవద్దు. పెంకు గట్టిపడ్డాక అదే వస్తుంది.

నాచుతోట | జనవరి 3

తిండి సంగతి కూడా చెప్పండి మాస్టారూ. నేను రోజూ ఒక చిటికెడు వేస్తున్నాను.

లేపాక్షి బసవ | జనవరి 3

ఇది నాకు ఇష్టమైన విషయం, నేను చెప్తాను. ఆరు రొయ్యలకు మూడు నెలలు దాటిన మొక్కల ట్యాంకులో తిండి ఇప్పటికే ఉంది. దుంగ మీద, ఆకుల మీద చేయి పెడితే జారుతుంది చూడండి, ఆ జిగటే వాటి అసలు భోజనం. మీరు వేసేది వారానికి రెండుసార్లు చాలు. రెండు గంటల్లో తినకపోతే తీసేయండి. మిగిలిన తిండి కుళ్లితే సన్నటి తెల్ల పురుగులు పుడతాయి. అవి దారంలా ఉండి మెలికలు తిరుగుతూ ఈదితే భయం లేదు, తిండి తగ్గిస్తే అవే తగ్గుతాయి. అద్దం మీద పాకుతూ, తల బాణం మొనలా ఉంటే మాత్రం ప్లనేరియా. దాని ఫోటో పెట్టి అడగండి, అది పిల్ల రొయ్యల్ని తింటుంది.

మా ఊరి చుట్టూ పట్టుపురుగుల కోసం మల్బరీ వేస్తారు. తెలిసిన రైతు దగ్గర, మందు ఎప్పుడు కొట్టారో అడిగి ఆకు తెచ్చుకుంటాను. నిమిషం ఉడకబెట్టి వేస్తే తెల్లారేసరికి ఈనెలే మిగులుతాయి. పాలకూర కూడా అంతే, కానీ బజారు ఆకుకూర మీద పురుగుమందు ఉంటుందని నాకు భయం. కుండీలో పెంచుకున్నదైతే నిశ్చింత. మునగాకు కూడా తింటాయి.

అన్నిటికన్నా తేలికైనది బాదం ఆకు. మన వీధుల్లో గొడుగులా పెరిగే చెట్టు. దానంతటదే రాలి ఎండిన ఎర్ర ఆకు ఏరి, కడిగి, ఒకటి వేయండి. నీళ్లు కొంచెం టీ రంగుకు వస్తాయి. ఆ ఆకు మెత్తబడుతున్న కొద్దీ దాని మీద పెరిగే జిగటను నెల రోజులు తింటాయి. రోడ్డు దుమ్ము, పొగ పట్టిన చెట్టు మాత్రం వద్దు. గుడి ఆవరణలోనో బడిలోనో ఉన్న చెట్టు చూసుకోండి.

నాచుతోట | జనవరి 29

అందరికీ ఒక మంచి వార్త! పెద్ద ఆడరొయ్యకు వీపు మీద జీను వేసినట్టు పసుపు మచ్చ వారం రోజులుగా ఉంది. నిన్న రాత్రి అది కుబుసం విడిచింది. వెంటనే మగవి మూడూ ట్యాంకంతా ఆగకుండా తిరిగాయి. ఇవాళ పొద్దున చూస్తే కడుపు కింద గుడ్లు! పాప లెక్కపెట్టడానికి ప్రయత్నించింది, 22 దాకా వచ్చి ఆగిపోయింది. ఈత కాళ్లతో వాటిని ఊపుతూనే ఉంది.

కృష్ణలంక మాస్టారు | జనవరి 29

చాలా సంతోషం అమ్మా. ఊపడం ఆక్సిజన్ అందడానికి, బూజు పట్టకుండా ఉండటానికి. పొదగడానికి నెల లోపే, వెచ్చదనాన్ని బట్టి నాలుగైదు రోజులు అటూ ఇటూ. ఈ నెలంతా నీళ్ల మార్పు 5 లీటర్లు దాటనివ్వకండి. మధ్యలో కుబుసం విడవాల్సి వస్తే గుడ్లు పెంకుతో పాటే పోతాయి.

ఓరుగల్లు | జనవరి 30

అక్కా, కంగ్రాట్స్! నేను కూడా చెర్రీలు తెచ్చాను, సెలైన్ సెట్ పెట్టి రెండు గంటలు చుక్క చుక్కగా కలిపాకే వదిలాను. ఒక డౌట్. మా ఫ్రెండ్ దగ్గర అమానో రొయ్యకు ఏడాదిగా గుడ్లు వస్తున్నాయి, పిల్లలు ఒక్కటీ రావట్లేదు. ఎందుకు?

ఫ్రిస్కో గోదారి | జనవరి 31

అమానో రొయ్య గుడ్లు చాలా చిన్నవి, ఒక్కో తల్లికి వెయ్యికి పైనే ఉంటాయి. పుట్టేవి రొయ్యలు కావు, లార్వాలు. సహజంగా అవి ఏటి వెంట సముద్రం వైపు కొట్టుకుపోయి, ఉప్పు నీళ్లలో పెరిగి, మళ్లీ తీపి నీళ్లకు ఎదురెక్కుతాయి. మంచినీళ్ల ట్యాంకులో కొద్ది రోజులకే చనిపోతాయి. చెర్రీకి ఆ దశే లేదు. గుడ్డులోంచి వచ్చేది రెండు మిల్లీమీటర్ల పూర్తి రొయ్య.

దానికి ఆ పేరు జపాన్‌కు చెందిన తకాషి అమానో వల్ల వచ్చింది. 1954లో పుట్టి 2015లో పోయారు. మొక్కల ట్యాంకును ఒక ప్రకృతి దృశ్యంలా కూర్చడం మనందరికీ నేర్పినాయన. తన ట్యాంకుల్లో నాచు తినిపించడానికి ఈ రొయ్యను వాడి, ప్రపంచానికి పరిచయం చేశారు. నాచు తినడంలో దాని తర్వాతే ఏదైనా.

నాచుతోట | ఫిబ్రవరి 26

పిల్లలు వచ్చాయి! నాచులో బియ్యపు నూకంత ఉన్నాయి, టార్చ్ వేస్తే కళ్లు నల్లటి చుక్కల్లా కనిపిస్తున్నాయి. 11 లెక్కపెట్టాం. ఇంకా ఉండే ఉంటాయి.

పాప ఇప్పుడు నీలం రొయ్యలు కూడా కావాలంటోంది. ఎరుపూ నీలమూ కలిపి వేయొచ్చా?

కృష్ణలంక మాస్టారు | ఫిబ్రవరి 27

వేస్తే బతుకుతాయి, పోట్లాడవు. కానీ ఎర్ర చెర్రీ, బ్లూ డ్రీమ్, పసుపు, ఆరెంజ్, ఇవన్నీ ఒకే జాతి, నియోకారిడినా డేవిడై. తైవాన్, చైనా వాగుల్లో ఉండే మట్టి రంగు రొయ్య నుంచి మనుషులు తరతరాలుగా ఏరి తీసిన రంగులివి. కలిసి పిల్లల్ని పెడితే కొన్ని తరాల్లోనే మళ్లీ ఆ మట్టి రంగుకే పోతాయి. ఒక ట్యాంకుకు ఒక రంగే అన్నది నా సలహా.

నాచుతోట | ఫిబ్రవరి 27

చెప్పాను మాస్టారూ. కాసేపు ఆలోచించి, "వీటి పిల్లలు వీటిలాగే ఉండాలి" అంది. ఎరుపుకే ఉండిపోయాం.

నాచుతోట | ఏప్రిల్ 14

ఎండలు మొదలయ్యాయి, నాకు మళ్లీ టెన్షన్ మొదలైంది. మధ్యాహ్నం ట్యాంక్ 31 డిగ్రీలు చూపిస్తోంది. రోజంతా ఏసీ వేయలేం. రొయ్యలు 40 దాటి ఉంటాయి, రెండు ఆడవి గుడ్లతో ఉన్నాయి. ఐస్ ముక్కలు వేయమని ఒకరన్నారు.

ఉండికాలువ | ఏప్రిల్ 14

ఐస్ వద్దండి, పది నిమిషాల్లో దించి గంటలో మళ్లీ ఎక్కిస్తే ఆ ఎగుడుదిగుడు ఎండ కన్నా చెడ్డది. ఇప్పుడు మాత్రం నా డీఓ మాట పనికొస్తుంది. నీళ్లు వేడెక్కే కొద్దీ ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి. 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాములు పట్టే నీళ్లు, 30 దగ్గర ఏడున్నర పడతాయి. అదే సమయంలో రొయ్యకు ఎక్కువ కావాల్సి వస్తుంది. స్పంజ్ ఫిల్టర్‌తో పాటు ఇంకో ఎయిర్ స్టోన్ వేయండి. తిండి సగం చేయండి. మొక్కల కోసం సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) పెట్టేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ రెండు నెలలు తగ్గించుకోండి.

కృష్ణలంక మాస్టారు | ఏప్రిల్ 15

మూత తీసేసి, చిన్న టేబుల్ ఫ్యానో కంప్యూటర్ ఫ్యానో నీటి మట్టం మీదుగా వీచేలా పెట్టండి. నీళ్లు ఆవిరవుతూ వేడిని తీసుకెళ్లిపోతాయి, కుండలో నీళ్లు చల్లబడినట్టే. మీ హైదరాబాద్ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి మూడు డిగ్రీల దాకా దిగాలి. మా బెజవాడ ఉక్కలో రెండు దిగితే గొప్ప.

ఇందులో ఒక చిక్కుంది, జాగ్రత్తగా వినండి. రోజుకు లీటరు దాకా ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీళ్లు మాత్రమే, ఉప్పులు ట్యాంకులోనే ఉండిపోతాయి. తగ్గినంతా మీ మూడు పాళ్ల నీళ్లతో నింపితే నెల తిరిగేసరికి టీడీఎస్, జీహెచ్ పైకి పోతాయి. కాబట్టి ఆవిరైనదానికి వట్టి ఆర్‌ఓ, తగ్గినంత, రోజూ గ్లాసుతో పొద్దున కొంత, సాయంత్రం కొంత. వారానికొకసారి మార్చే 10 శాతానికి కలిపిన నీళ్లు. డిసెంబర్‌లో మీకు వద్దన్న వట్టి ఆర్‌ఓ ఇప్పుడు పోయమంటున్నాను, తేడా ఇదే. అద్దం మీద మార్కర్‌తో గీత గీసుకుంటే ఎంత తగ్గిందో తెలుస్తుంది.

నాచుతోట | ఏప్రిల్ 20

ఫ్యాన్ పెట్టాక 28 దగ్గర ఆగుతోంది, కరెంటు పోయిన రోజు 29. గీత గీశాం, గ్లాసుతో నింపే పని పాపది. టీడీఎస్ 235, కదలలేదు.

నాచుతోట | జూన్ 16

వర్షాలు మొదలయ్యాయి, ఫ్యాన్ తీసేశాను. వేసవిలో మూడు పోయాయి, అందులో రెండు మొదట తెచ్చిన పెద్దవే. ఏడాదీ రెండేళ్లే వాటి ఆయుష్షని పాపకు చెప్పాను. ఇప్పుడు నాచులో లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, 70 పైమాటే.

మాస్టారూ, మా అన్నయ్య వాళ్లు పటమటలో ఉంటారు. శనివారం విజయవాడ వస్తున్నాం. మీ చెర్రీ ట్యాంక్ పోయిన వేసవిలో పోయిందని జనవరిలో వేరే చర్చలో రాశారు, చదివాను. పది పిల్లలు తెస్తాను, కాదనకండి. మీ నీళ్ల టీడీఎస్, జీహెచ్ చెప్పండి, రెండు రోజుల ముందు నుంచే వేరే డబ్బాలో వాటిని ఆ నీళ్లకు అలవాటు చేస్తాను.

కృష్ణలంక మాస్టారు | జూన్ 16

టీడీఎస్ 260, జీహెచ్ 8. దగ్గరగానే ఉన్నాయి, అలవాటు చేయక్కర్లేదు. పాపను కూడా తీసుకురండి. కవర్లో గాలి మూడొంతులు, నీళ్లు ఒక వంతు ఉంచండి. పట్టుకోవడానికి కొంచెం నాచు వేయండి. ముందు రోజు తిండి పెట్టకండి. సెలైన్ సెట్ తేవద్దు, నా దగ్గర రెండున్నాయి.